డైమండ్ బ్లేడు సరిగా కోయనప్పుడు లోపం ఎక్కడుందో కనిపెట్టడం ఎలా?

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఇల్లు కట్టే చోట ఒకే నాలుగంగుళాల డైమండ్ బ్లేడు పొద్దున ఎర్ర ఇటుక గోడలో వైరింగ్ పైపుకు గాడి తీస్తుంది, మధ్యాహ్నం స్లాబు అంచును సరిచేస్తుంది, సాయంత్రానికి వంటగట్టు మీదికి టెక్కలి నీలి గ్రానైటు పలకను కోయడానికి సిద్ధమవుతుంది. ఈ మూడు పదార్థాలకూ ఒకదానితో ఒకటి పొంతన లేదు. ఒకదాన్ని చక్కగా కోసిన బ్లేడు మరొకదాని మీద నిప్పురవ్వలు చిమ్ముతూ జారిపోతే, సరుకు నాసిరకమని దాన్ని మూలన పడేసి కొత్తది కొనుక్కోవడం మన దగ్గర అలవాటు. అలా పడేసిన బ్లేడును కడిగి వెలుతురులో చూడండి. పళ్ళు సగానికి పైగా మిగిలే ఉండవచ్చు, లోపం మెషిన్‌లోనో నీళ్ళలోనో కరెంటులోనో ఉండవచ్చు. బ్లేడుకు ఏం జరిగిందో చెప్పే ఆనవాళ్ళు చాలావరకు దాని మీదే కనిపిస్తాయి. వాటిని ఏ వరుసలో చూడాలో, ఏ ఆనవాలుకు ఏం చేయాలో కింద వివరిస్తున్నాను.

బ్లేడు కోసే తీరు

ఉక్కు ప్లేటు అంచున ఉన్న ముక్కలను మేస్త్రీలు పళ్ళు అంటారు గాని, వాటికి చెక్క రంపం పళ్ళకు ఉండే పదును ఉండదు. అవి లోహపు పొడిలో కృత్రిమ వజ్రపు రవ్వలను కలిపి, అచ్చులో ఒత్తి, వేడిచేసి గట్టిపరచిన దిమ్మెలు. కోబాల్టు, ఇనుము, కంచు, నికెల్, టంగ్‌స్టన్ వంటి లోహాల మిశ్రమం ఆ రవ్వలను పట్టి ఉంచుతుంది. ఈ మిశ్రమాన్ని బాండు అంటారు. పైకి తేలిన రవ్వలు రాతిని గీకి పొడిచేస్తాయి. ఆ రాతిపొడి బాండును కొద్దికొద్దిగా అరగదీస్తుంది. మొద్దుబారిన రవ్వ రాలిపోయే వేళకు కింద ఉన్న కొత్త రవ్వ బయటపడుతుంది. పెన్సిల్ చెక్కితేగాని ములుకు బయటికి రానట్టే, బాండు అరిగితేగాని వజ్రం పనిలోకి రాదు. కాబట్టి బ్లేడు మరీ త్వరగా అరగడం ఎంత లోపమో, బొత్తిగా అరగకపోవడం కూడా అంతే లోపం. ఈ సంగతి గుర్తుంచుకుంటే తర్వాత చెప్పబోయే లక్షణాల్లో సగం వాటంతటవే అర్థమవుతాయి.

గట్టి రాయికి మెత్తని బాండు, మెత్తగా ఉండి గరుకైన పొడి రాల్చే వస్తువుకు గట్టి బాండు అన్న నియమం దీన్నుంచే వచ్చింది. గ్రానైటును కోసినప్పుడు వచ్చే పొడి చాలా సన్నగా ఉంటుంది, అది బాండును పెద్దగా అరగదీయలేదు. పైగా ఆ గట్టితనానికి వజ్రపు రవ్వలు త్వరగా మొద్దుబారతాయి. అందువల్ల వాటిని తేలిగ్గా వదిలిపెట్టే మెత్తని బాండు కావాలి. ఎర్ర ఇటుక, ఫ్లై యాష్ ఇటుక, సిమెంటు ప్లాస్టరింగు, ఇంకా పచ్చిగా ఉన్న కాంక్రీటు విషయం దీనికి పూర్తిగా వ్యతిరేకం. వాటి నుంచి రాలే ఇసుక రేణువులు ఆకురాయిలా పనిచేసి మెత్తని బాండును చూస్తుండగానే తినేస్తాయి.

కాంక్రీటు ఈ రెండింటి మధ్యా ఉంటుంది, అందుకే దానితోనే చిక్కు ఎక్కువ. దాని గుణం అందులో వేసిన మెటల్‌ను, అంటే కంకర రాళ్ళను బట్టి, ఇసుకను బట్టి, ఎన్నాళ్ళు ఆరిందన్నదాన్ని బట్టి మారుతుంది. మన ప్రాంతపు కొండల్లో ప్రధానంగా కనిపించే రాళ్ళు తూర్పు కనుమల చార్నకైట్, ఖోండలైట్. చార్నకైట్ నల్లగా, బిగువుగా, గట్టిగా ఉంటుంది. దాని మెటల్ వేసిన పాత స్లాబు బ్లేడు పాలిటికి దాదాపు గ్రానైటే. ఖోండలైట్ వాతావరణానికి గుల్లబారి చేత్తో నలిపితే రాలిపోయేలా ఉన్నా, అందులోని క్వార్ట్జ్, గార్నెట్ రేణువులు మాత్రం చాలా గట్టివి. గుల్ల రాయే కదా అని పాత కట్టడంలోని ఖోండలైట్ గోడను మెత్తని బాండుతో కోయబోతే, బ్లేడు తేలిగ్గా దిగుతుంది గాని సాయంత్రానికి పళ్ళు ఉండవు. రాయి ఎంత గట్టిగా ఉందో చూడడంతో సరిపెట్టుకోకుండా, దాని పొడి వేళ్ళ మధ్య ఎంత గరుకుగా తగులుతుందో కూడా చూడండి.

ముందు మెషిన్ ఆపి, బ్లేడు విప్పండి

పరిశీలన మొదలుపెట్టే ముందు స్విచ్ ఆపడంతో వదిలేయకుండా ప్లగ్గు ఊడదీయండి. పెట్రోలు కట్టర్ అయితే ఇంజను ఆపి, ప్లగ్ క్యాప్ తీసేయండి. బ్లేడు పూర్తిగా ఆగి, చల్లారిన తర్వాత నట్టు విప్పి బయటికి తీయండి. దానికి పట్టిన రాతి బురదను నీళ్ళతో, గట్టి బ్రష్షుతో కడిగి, గుడ్డతో తుడిచి, ఎండలోకి తీసుకెళ్ళండి. బురద కప్పిన బ్లేడు మీద సన్నని పగులు కనిపించదు, నీలం మచ్చ కనిపించదు, పళ్ళ అడుగున ఉక్కు పలచబడిందా లేదా అన్నది అసలే తెలియదు.

ఇప్పుడు బయటినుంచి లోపలికి చూస్తూ రండి. ముందు పళ్ళ పైభాగాన్ని వేలికొసతో నెమ్మదిగా తడమండి. ఆరోగ్యంగా ఉన్న పన్ను సన్నని గరుకు కాగితంలా తగులుతుంది, వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే రవ్వలు అక్కడక్కడ మెరుస్తాయి. కొంచెం పరకాయించి చూస్తే ప్రతి రవ్వ వెనుకా బాండు సన్నని తోకలా మిగిలి ఉండడం కనిపిస్తుంది. బ్లేడు తిరిగే దిక్కుకు అది వెనుకవైపున ఉండి రవ్వకు ఊతమిస్తుంది. బ్లేడు మీద ముద్రించిన బాణం గుర్తును పట్టించుకోకుండా ఒకసారి అటు, ఒకసారి ఇటు తిప్పి బిగిస్తే ఈ ఊతం పోయి, మంచి రవ్వలు కూడా అకాలంగా రాలిపోతాయి. ఆ తర్వాత పళ్ళ పక్కలు, పళ్ళ మధ్య సందులు, ఉక్కు ప్లేటు, చివరగా మధ్యలో ఉన్న రంధ్రం చూడండి.

తిరుగుతోంది గాని కోయడం లేదు

అన్నిటికంటే తరచుగా వినిపించే ఫిర్యాదు ఇదే. పళ్ళ పైభాగం గాజులా నున్నగా తగిలి, వజ్రపు రవ్వలు చదునై బాండుతో సమానంగా కనిపిస్తే బ్లేడు మొద్దుబారిందని అర్థం. గట్టి కాంక్రీటును, గ్రానైటును గట్టి బాండు ఉన్న బ్లేడుతో కోయడం దీనికి మొదటి కారణం. స్లాబులోని ఇనుప రాడ్లను ఎక్కువసేపు కోయడం మరొకటి. బ్లేడు పైపైన గీసుకుంటూ పోయేంత తేలిగ్గా, భయం భయంగా పట్టుకుని కోయడం కూడా ఒక కారణమే. రవ్వ రాతిలోకి దిగకుండా దాని మీద రాసుకుంటూ పోతే అది పాలిష్ పట్టక ఏం చేస్తుంది? అవసరానికి మించిన వేగంతో తిప్పినా ఇదే జరుగుతుంది, ఎందుకంటే వేగం పెరిగేకొద్దీ బాండు గట్టిపడినట్టే ప్రవర్తిస్తుంది.

మొద్దుబారిన బ్లేడును బలవంతంగా అదిమితే మెషిన్ వేడెక్కుతుంది, ప్లేటు నీలంగా మారుతుంది, కోత మాత్రం ముందుకు సాగదు. చేయవలసింది పదును తేవడం. ఇందుకు మెత్తగా, గరుకుగా, ఇసుక బాగా రాలే దిమ్మె కావాలి. సరిగా కాలని మెత్తటి ఎర్ర ఇటుక పనికొస్తుంది, తక్కువ సిమెంటుతో చేసిన సాలిడ్ బ్రిక్కు ఇంకా మేలు. తరచుగా గ్రానైటు పని చేసేవారు సొంతంగా ఒక దిమ్మె పోసుకోవడం మంచిది: ఒక పాలు సిమెంటుకు ఆరు పాళ్ళు ముతక ఇసుక కలిపి, పాత నూనె డబ్బాలో పోసి, వారం రోజులు తడిపి, ఆరనివ్వండి. నదుల నుంచి వచ్చే ముతక ఇసుకలో క్వార్ట్జ్ పాలు ఎక్కువ కాబట్టి ఈ పనికి బాగుంటుంది. జల్లెడలో పైన మిగిలిన ఇసుకను పారేయకుండా దీనికి వాడుకోవచ్చు.

దిమ్మెను నేల మీద కదలకుండా బిగించి, బ్లేడును మెషిన్‌కు ఎక్కించి, సెంటీమీటరు లోతుకు మించకుండా పది పదిహేను గాట్లు పెట్టండి. అదమవద్దు, మెషిన్ బరువు చాలు. నీళ్ళతో వాడవలసిన బ్లేడయితే దీనికీ నీళ్ళు పెట్టండి. తర్వాత మళ్ళీ ప్లగ్గు ఊడదీసి, పన్నును తడిమి చూడండి. గరుకుదనం తిరిగి వచ్చి ఉంటే పనిలోకి వెళ్ళవచ్చు. రాకపోతే మరో పది గాట్లు పెట్టండి. బ్లేడును సిమెంటు రోడ్డు మీద రుద్దడం, ఇనుప పట్టీని కోసి పదును వచ్చిందనుకోవడం వంటివి చేయవద్దు. ఇనుము వజ్రాన్ని మొద్దుబార్చేదే తప్ప పదునుపెట్టేది కాదు.

పదును తెచ్చిన బ్లేడు కొన్ని అడుగులు కోసి మళ్ళీ నున్నబడితే, మళ్ళీ మళ్ళీ అదే వైద్యం చేస్తూ కూర్చోవడం దండగ. ఆ రాయికి ఆ బాండు సరిపోలేదన్నమాట. గ్రానైటుకు, గట్టి కాంక్రీటుకు ఉద్దేశించిన మెత్తని బాండు బ్లేడు తెచ్చుకుని, పాతదాన్ని ఇటుక గోడల్లో గాళ్ళు తీయడానికి ఉంచుకోండి. ఇటుక మీద అది చాలాకాలం పనిచేస్తుంది, కొంత పదును కూడా తెచ్చుకుంటుంది. పారేయబోయిన బ్లేడుకు ఇంతకంటే మంచి ఉపయోగం లేదు.

మరీ త్వరగా అరిగిపోతోంది

దీనికి సాధారణ కారణం పైన చెప్పినదానికి తలకిందులు: గ్రానైటు బ్లేడుతో ఇటుకనో, ఫ్లై యాష్ ఇటుకనో, పచ్చి కాంక్రీటునో కోయడం. ఊళ్ళలో సీసీ రోడ్లు వేసిన తర్వాత జాయింట్లు కోసేవారికి ఈ అనుభవం తప్పనిసరిగా ఎదురవుతుంది. కాంక్రీటు కోతకు అంచులు రాలకుండా ఉండేంత గట్టిపడగానే, తనంతట అది పగుళ్ళు ఇవ్వక ముందే జాయింటు కోయాలి; మన వేసవిలో ఆ సమయం కొద్ది గంటల్లోనే వచ్చేస్తుంది. లోతు స్లాబు మందంలో నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా, అంటే 150 మిల్లీమీటర్ల రోడ్డుకు సుమారు 40 నుంచి 50 మిల్లీమీటర్లు ఉండాలి. ఆ దశలో సిమెంటు ఇంకా ఇసుకను గట్టిగా పట్టుకోలేదు కాబట్టి రేణువులు విడివిడిగా ఊడివచ్చి బాండును కోసేస్తాయి. పచ్చి కాంక్రీటుకని ప్రత్యేకంగా చేసిన గట్టి బాండు బ్లేడు వాడాలి. అదే రోడ్డును రెండు వారాల తర్వాత కోస్తే ఆ బ్లేడు జారిపోతుంది. తప్పు బ్లేడుది కాదు, కాంక్రీటు మారిపోయింది.

రెండో కారణం చాలామందికి తట్టదు. బ్లేడు వేగం తగ్గినప్పుడు బాండు మెత్తబడినట్టు ప్రవర్తిస్తుంది, ప్రతి రవ్వ మీదా భారం పెరిగి అది ముందే ఊడిపోతుంది. మన పల్లెల్లో ఈ వేగం తగ్గడానికి మూలం కరెంటు. సాయంకాలం మోటార్లన్నీ నడిచే వేళ వోల్టేజి పడిపోవడం ఎవరికీ కొత్త కాదు. దానికి తోడు సన్నని ఎక్స్‌టెన్షన్ వైరు. లెక్క వేసి చూడండి: 2200 వాట్ల తొమ్మిదంగుళాల గ్రైండర్ 230 వోల్టుల దగ్గర సుమారు తొమ్మిదిన్నర ఆంపియర్లు లాగుతుంది. 0.75 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరును 50 మీటర్ల దూరం లాగితే, పోను రాను కలిపి ఆ వైరులోనే ఇరవై వోల్టులకు పైగా ఖర్చయిపోతాయి. ఇంటి దగ్గర ఉన్నదే 190 అయితే మెషిన్‌కు చేరేది ఎంతో ఊహించుకోండి. 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు వాడితే ఈ నష్టం మూడో వంతుకు తగ్గుతుంది. వైరును చుట్టగా ఉంచి వాడకుండా పూర్తిగా విప్పి పరచండి, లేకపోతే చుట్టలోనే వేడెక్కి తొడుగు కరుగుతుంది. వైరు బాగానే ఉండి కూడా మెషిన్ రాతిలో దిగగానే గొంతు తగ్గిపోతుంటే కార్బన్ బ్రష్షులు విప్పి చూడండి. అవి అరిగి పొట్టివైతే స్ప్రింగు వాటిని సరిగా నొక్కదు.

మూడోది పళ్ళ అడుగున జరిగే అరుగుదల. పళ్ళు ఇంకా ఎత్తుగానే ఉన్నా, వాటి కిందనున్న ఉక్కు ప్లేటు పలచబడి కత్తి అంచులా తయారవుతుంది. కోతలోంచి బయటికి పోలేని ఇసుక బురద అక్కడే తిరుగుతూ ఉక్కును రాచేస్తుంది. రోడ్డును కోసేటప్పుడు బ్లేడు కాంక్రీటు దాటి కింద పరచిన ఇసుకలోకి దిగితే ఇది మరీ వేగంగా జరుగుతుంది. నీళ్ళు పెంచి బురద కొట్టుకుపోయేలా చూడండి, లోతు స్లాబు మందాన్ని దాటనివ్వకండి. ఇలాంటి పని తరచుగా ఉంటే ప్లేటును కాపాడే ప్రత్యేకమైన ఏటవాలు పళ్ళున్న బ్లేడు అడగండి. ఇప్పటికే గోరు ఆనేంత గాడి పడిన ప్లేటును వాడకూడదు. పన్ను బాగుందని ఆశపడితే, ఆ పన్నే ఎగిరి వస్తుంది.

పన్ను ఊడిపోవడం, ప్లేటు పగలడం

ఇక్కడ మరమ్మతు అన్న మాట లేదు. ఒక్క పన్ను ఊడినా, ప్లేటులో వెంట్రుక వాసి పగులు కనిపించినా బ్లేడును వెంటనే పక్కన పెట్టి, మరొకరు పొరపాటున వాడకుండా వంచేయండి. ఊడిన పన్నును వెల్డింగు దుకాణంలో అతికించుకు రావడం, ఎదురుగా ఉన్న మరో పన్నును కూడా కొట్టేసి సమతూకం చేశామనుకోవడం ప్రాణాలతో చెలగాటం. నాలుగంగుళాల బ్లేడు నిమిషానికి 13,000 చుట్లు తిరిగేటప్పుడు దాని అంచు వేగం సెకనుకు సుమారు 75 మీటర్లు, అంటే గంటకు 270 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఊడిన ముక్క ఎటు పోతుందో చూసి తప్పుకునే వ్యవధి ఎవరికీ ఉండదు.

అయితే ఎందుకు ఊడిందో తెలుసుకోకుండా కొత్త బ్లేడు ఎక్కిస్తే దానికీ అదే గతి పడుతుంది. పన్ను ఊడిన చోట ప్లేటు నీలంగా, గోధుమ రంగుగా కమిలి ఉంటే వేడి వల్ల అతుకు తెగింది. వెండి కలిపిన టంకంతో అతికించిన పళ్ళున్న బ్లేడ్లను నీళ్ళు లేకుండా వాడకూడదు. లేజర్ వెల్డింగు చేసినవి పొడి కోతను తట్టుకుంటాయి, అదీ మధ్యమధ్యలో విరామం ఇస్తేనే. రంగు మారకుండా పన్ను ఒకవైపు విరిగినట్టు ఉంటే కోతలో బ్లేడును మెలితిప్పారని, లేదా కోస్తున్న పలక కదిలి బ్లేడును పట్టేసిందని అనుకోవచ్చు. డైమండ్ బ్లేడు తిన్నగా కోయడానికే ఉంది. సింకు కోసం గుండ్రంగా కోయాలంటే వంపును చిన్న చిన్న తిన్నని గాట్లుగా విడగొట్టి, మిగిలిన ముక్కలను విరిచి, అంచును గ్రైండింగు కప్పుతో సరిచేయండి. పలక రెండు చివరలా ఆనుకుని మధ్యలో గాలిలో ఉంటే, కోత పూర్తవుతుండగా రెండు ముక్కలూ లోపలికి కుంగి బ్లేడును బిగిస్తాయి. కోత గీతకు రెండు పక్కలా దగ్గరగా ఆనిక ఉండాలి.

పళ్ళ మధ్య సందుల మొదట్లోంచి లోపలికి పాకే పగుళ్ళు ప్లేటు అలసిపోయిందని చెబుతాయి. గట్టి బాండుతో గట్టి రాతిని అదిమి కోసినప్పుడు, లేదా బ్లేడును రెండు పక్కలా పట్టి ఉంచే ఫ్లాంజ్ వాషర్లు సరిగా పట్టనప్పుడు ప్లేటు ప్రతి చుట్టుకూ అటూ ఇటూ వంగి ఇలా పగులుతుంది.

ఊగడం, వంకరగా కోయడం

కోత గీత బ్లేడు మందం కంటే బాగా వెడల్పుగా వస్తున్నా, పళ్ళు ఒకవైపే అరుగుతున్నా బ్లేడు ఊగుతోందన్నమాట. దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. ప్లగ్గు ఊడదీసిన మెషిన్‌ను బల్ల మీద కదలకుండా పెట్టి, ఒక పెన్సిల్‌ను ఇటుక మీద ఆనించి, దాని మొన ప్లేటు అంచుకు తగలీ తగలనట్టు ఉండేలా అమర్చండి. బ్లేడును చేత్తో నెమ్మదిగా ఒక చుట్టు తిప్పండి. మొనకూ ప్లేటుకూ మధ్య సందు అన్నిచోట్లా ఒకేలా ఉంటే సరే. ఒకచోట గీసుకుని మరోచోట దూరంగా ఉంటే ఊగుతున్నట్టే. ఇప్పుడు బ్లేడును విప్పి, వాషర్ల మీద సగం చుట్టు జరిపి బిగించి మళ్ళీ తిప్పండి. గీసుకునే చోటు బ్లేడుతోపాటు జరిగితే బ్లేడే వంగింది. అది షాఫ్టుతోనే ఉండిపోతే తప్పు షాఫ్టుదో వాషర్లదో. ఈ ఒక్క పరీక్ష చేయకుండా బ్లేడు మార్చడం, జ్వరం చూడకుండా మందు వేయడమే.

వాషర్ల సంగతి చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. లోపలిదీ బయటిదీ ఒకే వ్యాసం ఉండాలి, బ్లేడును తాకే ముఖం శుభ్రంగా, చదునుగా ఉండాలి. ఎండిపోయిన సిమెంటు బురద చిన్న పెచ్చు అక్కడ ఇరుక్కున్నా బ్లేడు అంచు దగ్గర అది పెద్ద ఊపుగా మారుతుంది. ప్రతిసారీ బ్లేడు మార్చేటప్పుడు ఆ రెండు ముఖాలనూ గుడ్డతో తుడవండి.

బ్లేడు రంధ్రం షాఫ్టుకు సరిగ్గా పట్టాలి. నాలుగంగుళాల బ్లేళ్ళకు ఎక్కువగా 20 మిల్లీమీటర్లు, తొమ్మిదంగుళాలకు 22.23, పద్నాలుగంగుళాలకు 25.4 మిల్లీమీటర్ల రంధ్రం ఉంటుంది. 16 మిల్లీమీటర్ల షాఫ్టున్న గ్రైండర్‌కు 20 రంధ్రం బ్లేడు ఎక్కించాలంటే కంపెనీవాళ్ళు ఇచ్చే రింగు వాడాలి. రాగి తీగ చుట్టడం, అట్టముక్క దూర్చడం వల్ల బ్లేడు కేంద్రం తప్పుతుంది. రంధ్రం కోడిగుడ్డు ఆకారంలో అరిగి ఉంటే నట్టు వదులుగా ఉండగానే తిప్పారని అర్థం. అలాంటి బ్లేడు ఒక పక్కే రాతిని కొడుతుంది, పళ్ళు కూడా ఒక పక్కే అరుగుతాయి. దాన్ని మార్చేయాలి. రంధ్రం గుండ్రంగానే ఉన్నా పళ్ళు ఒక పక్కే పొట్టిగా ఉంటే బేరింగులు వదులయ్యాయేమో షాఫ్టును పట్టుకుని ఊపి చూడండి.

వేడి, నీళ్ళు, దుమ్ము

ప్లేటు మీద నీలం చారలు కనిపించిన బ్లేడు ఒకసారి అతిగా వేడెక్కింది. ఉక్కు ప్లేటుకు కార్ఖానాలో ఇచ్చిన బిగువు ఆ వేడికి సడలిపోతుంది. ఆ తర్వాత అది పూర్తి వేగం అందుకున్నప్పుడు పళ్ళెంలా వంగి, కోత వంకరపోతుంది. పొడిగా కోసేటప్పుడు మొత్తం లోతు ఒకేసారి దించకండి. నాలుగంగుళాల బ్లేడుతో సెంటీమీటరు, పెద్ద బ్లేళ్ళతో అంగుళం చొప్పున విడతలుగా కోయండి. పది పదిహేను సెకన్లు కోసిన తర్వాత బ్లేడును బయటికి తీసి, గాలిలో కొన్ని సెకన్లు ఖాళీగా తిరగనివ్వండి. ఆ గాలే దాన్ని చల్లబరుస్తుంది.

నీళ్ళతో కోసేటప్పుడు ధార బ్లేడుకు రెండు వైపులా పడాలి. ఒకవైపే పడితే రెండోవైపు వేడెక్కి పళ్ళు అటువైపు అరుగుతాయి. రోడ్డు కోసే పద్నాలుగంగుళాల మెషిన్‌కు నిమిషానికి పది లీటర్లకు తగ్గకుండా నీరు అందేలా డ్రమ్మును ఎత్తు మీద పెట్టండి, పైపు కొసలు పూడిపోయాయేమో గంటకోసారి చూడండి. బోరు నీటిలో సన్న ఇసుక వస్తుంటే గుడ్డ కట్టి వడకట్టండి. ఆ ఇసుక పైపు కొసలను పూడ్చడమే కాక ప్లేటును కూడా రాస్తుంది.

ఇక్కడ ఒక తేడా గట్టిగా గుర్తుంచుకోవాలి. నీటి పైపు అమర్చి వచ్చిన మార్బుల్ కట్టర్ వేరు, మామూలు యాంగిల్ గ్రైండర్ వేరు. గ్రైండర్ పక్కన ఒకరు నిలబడి సీసాతో నీళ్ళు పోయడం మన దగ్గర రోజూ కనిపించే దృశ్యమే గాని, ఆ నీరు మోటారు గాలి రంధ్రాల్లోకి పోతే పట్టుకున్నవాడికి షాకు కొడుతుంది. నీటి కోతకు ఉద్దేశించిన మెషిన్ అయినా 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) ఉన్న లైనుకే తగిలించండి.

పొడి కోతలో లేచే దుమ్ములో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లోకి వెళ్ళిన సిలికా తిరిగి రాదు, ఏళ్ళ తరబడి పీలిస్తే వచ్చే సిలికోసిస్‌కు నయం చేసే మందు లేదు. ముఖానికి తువ్వాలు చుట్టుకుంటే కంటికి కనిపించే దుమ్ము ఆగుతుందేమో గాని, హాని చేసే సన్న దుమ్ము ఆగదు. నీళ్ళు వాడే వీలుంటే నీళ్ళే వాడండి. లేని చోట కనీసం ఎన్95 మాస్కు, కళ్ళద్దాలు తప్పనిసరి.

కొత్త బ్లేడు కొనేటప్పుడు, ఎక్కించేటప్పుడు

దుకాణంలో ధర అడిగే ముందు మీరు కోయబోయేది ఏమిటో చెప్పండి. పళ్ళు విడివిడిగా ఉన్న బ్లేడు కాంక్రీటుకూ ఇటుకకూ అనువైనది, వేగంగా కోస్తుంది, అంచులు కొంచెం చిట్లుతాయి. అంచు అంతా ఒకే పట్టీలా ఉన్నది టైల్సుకు, నున్నని కోతకు, నీళ్ళతో వాడాలి. మెలికల అంచున్న టర్బో బ్లేడు ఈ రెండింటికీ మధ్యస్థం. రోజూ రకరకాల పని చేసేవారు ఒక బ్లేడుతోనే అన్నీ లాగించే బదులు ఇటుకకు ఒకటి, గ్రానైటుకు ఒకటి విడిగా పెట్టుకుంటే మొత్తం ఖర్చు తగ్గుతుందని నా అభిప్రాయం.

బ్లేడు మీద ముద్రించిన గరిష్ఠ వేగం మెషిన్ మీద రాసిన వేగం కంటే ఎక్కువగానో సమానంగానో ఉండాలి. లోతు చాలడం లేదని బ్లేడు మీది గార్డు (రక్షణ తొడుగు) ఊడదీసి, నాలుగంగుళాల గ్రైండర్‌కు ఏడంగుళాల బ్లేడు ఎక్కించే దుస్సాహసం అక్కడక్కడ జరుగుతూనే ఉంది. ఏడంగుళాల బ్లేడు సాధారణంగా నిమిషానికి 8,500 చుట్లకు తయారవుతుంది; 11,000 చుట్లు తిరిగే షాఫ్టు మీద దాని అంచు వేగం సెకనుకు వంద మీటర్లు దాటిపోతుంది, అది 80 మీటర్లకు మించి తిరగడానికి చేసినది కాదు.

బాణం గుర్తు షాఫ్టు తిరిగే దిక్కుకు ఉండేలా ఎక్కించి, పానాతో నట్టు బిగించి, గార్డు మీకూ బ్లేడుకూ మధ్య ఉండేలా తిప్పండి. మెషిన్‌ను మనుషులు లేని వైపుకు పట్టుకుని, బ్లేడు తిరిగే వరుసలో నిలబడకుండా, అర నిమిషం ఖాళీగా తిప్పి చూడండి. చేతికి అదురు తెలిసినా, శబ్దం ఒకే తీరుగా లేకపోయినా ఆపి, ప్లగ్గు ఊడదీసి, మళ్ళీ వాషర్ల దగ్గర నుంచి చూసుకుంటూ రండి. మొదటి నాలుగైదు కోతలు ఇటుక మీదో సాలిడ్ బ్రిక్కు మీదో లోతు లేకుండా వేస్తే, కొత్త పళ్ళ మీద కప్పి ఉన్న బాండు పొర తొలగి వజ్రాలు బయటపడతాయి. ఆ తర్వాతే గ్రానైటు మీదికి వెళ్ళండి.